చెంబుడు నీళ్లు పోసి చూశాకే డబ్బివ్వు

చిరంజీవి కిట్టుకి మామయ్య దీవించి రాసేది.

నిన్న రాత్రి మీ అమ్మ విజయవాడ నుంచి ఫోన్ చేసి అరగంట నీ గురించే చెప్పింది. "వాడు అరవై ఏళ్ల నాటి తుక్కు కారు కొంటాడట, నువ్వైనా చెప్పరా తమ్ముడూ" అంది. చెబుతానన్నాను. మానేయమని మాత్రం నేను చెప్పను. నువ్వు పంపిన ఫొటోలు అప్పటికే మూడుసార్లు చూశాను. 1966 ఫోర్డ్ ముస్టాంగ్, ఆరు సిలిండర్లది. రంగు వెలిసినా ఫ్యాక్టరీలో వేసిన రంగే. పెద్దాయన పోయాక పిల్లలు అమ్ముతున్నారు. నిగనిగలాడే కార్లన్నీ వదిలేసి నా మేనల్లుడు దీని దగ్గర ఆగాడని ఎంత పొంగిపోయానో మీ అత్తయ్యని అడుగు. కానీ కారు ఒహాయోలో ఉందని చదవగానే టెన్షన్ మొదలైంది.

డాలస్‌లో ఉండేవాడివి, ఇక్కడి మిషిగన్, ఒహాయోల చలికాలం నీకు తెలియదు. మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పునీళ్లు కారు అడుగున చేరి, ఎండాకాలంలో కూడా ఇనుముని తింటూనే ఉంటాయి. అందుకే తెలిసినవాళ్లు అరిజోనా, న్యూమెక్సికో కార్లు వెతుక్కుంటారు. అక్కడి ఎండకి సీట్లు చిట్లిపోతాయి, రంగు పోతుంది, ఇనుము నిలుస్తుంది. సీట్లు మళ్లీ కుట్టించుకోవచ్చు. ముస్టాంగ్‌కి విడిగా ఛాసిస్ ఉండదురా, బాడీయే ఛాసిస్. అడుగు పుచ్చిపోయాక పైన ఏం చేసినా లాభం లేదు.

కాగితాలు చూసుకో. బానెట్ ఎత్తితే డ్రైవర్ వైపు లోపలి ఫెండర్ రేకు మీద నంబరు గుద్ది ఉంటుంది. టైటిల్ మీద, అంటే కారు ఎవరిదో చెప్పే కాగితం మీద, అదే నంబరు ఉండాలి. తలుపు మీద రేకు బిళ్లని నమ్మకు, దాన్ని ఊడదీసి ఇంకోటి పెట్టొచ్చు. 6ఎఫ్07టి అని మొదలైతే 1966 మోడల్, డియర్‌బార్న్‌లో తయారైన రెండు తలుపుల హార్డ్‌టాప్, 200 క్యూబిక్ అంగుళాల ఇంజన్ అని అర్థం. డియర్‌బార్న్ అంటే నేను ముప్పై ఏళ్లు ఉద్యోగం చేసిన ఊరే.

ఇక అసలు సంగతి. మీ అమ్మకి కూడా నేనెప్పుడూ చెప్పలేదు.

1991 అక్టోబరులో నేనూ ఒక ముస్టాంగ్ కొన్నాను. 1965 మోడల్, ఎర్రటి ఎరుపు, కొత్తగా రంగు వేయించింది. లోపల కొత్త కార్పెట్ వాసన. గుడివాడలో మా వీధి డాక్టరుగారికి పాత ప్లిమత్ ఉండేది. ఆదివారం దాన్ని కడుగుతుంటే బకెట్ అందించే అదృష్టం కోసం మేం పిల్లలం పోట్లాడుకునేవాళ్లం. నాకూ ఒక అమెరికా కారు అనుకోగానే కళ్లకి ఇంకేమీ కనపడలేదు. ఎండ కాస్తున్న రోజున వీధి చుట్టూ ఒక రౌండ్ తిప్పి 5,800 డాలర్లు ఇచ్చేశాను. ఆరు నెలల పొదుపు అది. చలికాలమంతా గరాజ్‌లో దుప్పటి కప్పి దాచుకున్నాను.

ఏప్రిల్‌లో మొదటి వాన. గుడికి బయల్దేరాం. దారిలో మీ అత్తయ్య "కాళ్ల కింద తడిగా ఉందండీ" అంది. బయట వాన కదా, నీ చెప్పులే అన్నాను. తర్వాతి వారం మళ్లీ చెప్పింది. విసుక్కున్నాను. ఇక ఆమె చెప్పడం మానేసింది. చీర కుచ్చిళ్లు ఒళ్లోకి తీసుకుని, కాళ్లు బ్యాగు మీద పెట్టుకుని కూర్చునేది. రెండు నెలలు అలా కూర్చుంది కిట్టూ. నేను పక్కనే స్టీరింగ్ పట్టుకుని, చూసి కూడా చూడనట్టు నడిపాను.

కారులో ముక్కిపోయిన వాసన మొదలయ్యాక అద్దం చుట్టూ రబ్బరు మార్పించాను. తగ్గలేదు. చివరికి ఒక ముసలి మెకానిక్ కార్పెట్ పైకి లాగాడు. కింద నేల స్థానంలో అల్యూమినియం రేకు, రివెట్లు, మీద మందంగా తారు. ఆయన స్టీలు గ్లాసుడు నీళ్లు తెచ్చి వైపర్ల కింద ఉన్న జాలీలో పోశాడు. నన్ను డాష్‌బోర్డు కింద టార్చి పట్టుకుని పడుకోమన్నాడు. నీళ్లు నా చెంప మీద పడ్డాయి. ఆ జాలీ కింద రెండు రేకుల మధ్య ఒక తొట్టి ఉంటుంది. గాలి లోపలికి వచ్చే కంతల చుట్టూ గట్టులా రేకు లేపి ఉంటుంది. రాలిన ఆకులు అక్కడే కుళ్లి ఆ గట్లని తినేస్తాయి. బాగు చేయాలంటే వెల్డింగులన్నీ తొలిచి పై రేకు ఊడదీయాలి. సీటు కింద దూలం మీద స్క్రూడ్రైవర్ నొక్కితే పిడి దాకా దిగింది.

లోపం మొత్తం చూపించి, చెప్పి, 1,500కి అమ్మేశాను. డబ్బు పోయిందని కాదు. ఆమె చెప్పినప్పుడే వినాల్సింది.

కాబట్టి కార్పెట్ ఎత్తి చూడనివ్వకపోతే కొనకు. చెంబుడు నీళ్లు నువ్వే పోసి చూడు. అయస్కాంతం గుడ్డలో చుట్టి తలుపుల కింది అంచుల వెంట జరుపు. అంటుకోని చోట లోపల లప్పం ఉన్నట్టే. మీ ఆవిడ భార్గవిని తీసుకెళ్లు. ఆమెకేదైనా అనుమానం వస్తే ఆమె మాటే నమ్ము.

ఏళ్లుగా నిలబెట్టిన కారు అంటున్నారు. బ్యాటరీ పెట్టి స్టార్ట్ చేసి చూపిస్తామంటే వద్దను. ముందు ప్లగ్గులు తీసి, సిలిండర్లలో కాస్త ఆయిల్ వేసి, ఇంజన్ చేత్తో తిరుగుతోందో లేదో చూడాలి. ట్యాంకులో పాత పెట్రోలు పారబోయాలి.

ఒక్క విషయంలో మాత్రం నా మాట కాదనకు. ఆ కారుకి బ్రేకులన్నిటికీ కలిపి ఒకే ఆయిల్ లైను. ఎక్కడ కారినా నాలుగు చక్రాలకీ బ్రేకు పోతుంది. 1967 మోడల్ నుంచి ముందు చక్రాలకి వేరు, వెనక చక్రాలకి వేరు పెట్టారు. నువ్వు డాలస్ దాకా నడుపుకుంటూ వెళ్తానన్నావని మీ అమ్మ చెప్పగానే నాకు నిద్ర పట్టలేదు. బుద్ధుందా? ట్రక్కు మీద తెప్పించు. పైపులు, సిలిండర్లు, గొట్టాలు మార్పించి, రెండు భాగాల మాస్టర్ సిలిండర్ పెట్టించేదాకా మీ పాప చిన్నిని అందులో ఎక్కించకు. ఫ్యాక్టరీ సామాను కావాలనుకుంటే తీసిందాన్ని డబ్బాలో దాచుకో, నేనేమీ అనను. పాతదనం రంగులో ఉంటే చాలు, బ్రేకుల్లో వద్దు.

కొన్నాక రంగు వేయించకు నాన్నా. గీతలు ఉండనీ, ఆ పెద్దాయన మోచేయి ఆనించి అరగదీసిన చోటు ఉండనీ. పాత కార్ల సంఘం ఏఏసీఏ వాళ్లు అసలు భాగాలు మిగిలిన కార్లకి పోటీల్లో ప్రత్యేకంగా ఒక తరగతే పెట్టారు. ఇది కుదరకపోతే దిగులుపడకు. అక్టోబరులో పెన్సిల్వేనియాలో హర్షీ పాత కార్ల సంతకి ఇద్దరం వెళ్దాం. హెమింగ్స్‌లో పాత కార్ల అమ్మకం ప్రకటనలు రోజూ చూస్తూ ఉండు.

కారు ఉన్న డేటన్ మాకు నాలుగు గంటల లోపే. శనివారం ఏ ఫ్లైటో మెసేజ్ పెట్టు, ఎయిర్‌పోర్టుకి వస్తాను. టార్చి, అయస్కాంతం డిక్కీలో పెట్టేశాను. మీ అత్తయ్య వంటింట్లోంచి స్టీలు చెంబు తెచ్చి ఇచ్చింది. తనూ వస్తానంటోంది.

మీ మామయ్య