సాకే కొట్లో ‘ఆడవాళ్ళకి ఏది బాగుంటుంది?’ అని మాత్రం అడక్కండి

మీ ప్రశ్న: “ముగ్గురు స్నేహితురాళ్ళం అక్టోబరులో జపాన్ వెళ్తున్నాం. ఎప్పుడైనా ఒక గ్లాసు వైన్ తాగడం తప్ప అలవాటు లేదు. సాకే (జపాన్ వాళ్ళు బియ్యాన్ని పులియబెట్టి చేసే మందు) రుచి చూడాలని ఉంది. ఆడవాళ్ళకి తేలిగ్గా ఉండేది ఏది? ఎలా ఎంచుకోవాలి?”

నేను జపాన్ వచ్చి పదకొండేళ్ళు. మొదటి నాలుగేళ్ళు హిరోషిమా దగ్గర సైజో అనే ఊళ్ళో, ఆ తరవాత టోక్యోలో. ఇండియా నుంచి వచ్చే వదినలకీ, పిన్ని కూతుళ్ళకీ, ఆఫీసులో కొత్తగా చేరే మన అమ్మాయిలకీ సాకే పరిచయం చేసే పని ఎలాగో నా నెత్తిన పడింది. ఆ అనుభవంతోనే చెప్తున్నా.

ముందు మీ ప్రశ్నలోంచి ‘ఆడవాళ్ళకి’ అన్న మాట తీసేద్దాం. ఆ మాట అడిగితే కొట్టువాడు తియ్యటి గులాబీ రంగు సీసా ఒకటి చేతిలో పెడతాడు. ఇక్కడ కొత్తల్లో మా ఆయనా నేనూ ఒక ఇజకాయకి వెళ్ళాం (ఇజకాయ అంటే మందూ, చిరుతిళ్ళూ దొరికే చిన్న హోటలు). నేను వేడి సాకే చెప్పాను, ఆయన ఉమేషు చెప్పాడు. తెచ్చిన కుర్రాడు ఏమీ అడక్కుండానే ఉమేషు నా ముందు, సాకే ఆయన ముందు పెట్టేసి వెళ్ళిపోయాడు. మేం నవ్వుకుని గ్లాసులు మార్చుకున్నాం. అన్నట్టు ఉమేషు సాకే కాదు. పచ్చి ఉమే కాయల్ని (ఒక రకం పుల్లటి జపాన్ పండు) పంచదారతో కలిపి, ఎక్కువగా షోచూ అనే బట్టీ సారాలో ఊరబెడతారు. బాగుంటుంది, కానీ అది తాగి సాకే తాగామనుకోకండి.

‘ఆడ సాకే’ అనే మాట జపాన్‌లో నిజంగానే ఉంది, కానీ దాని అర్థం వేరు. కోబే పక్కన నద ప్రాంతంలో మియామిజు అనే గట్టి నీళ్ళు దొరుకుతాయి. ఖనిజాలు ఎక్కువ కాబట్టి పులియడం చురుగ్గా సాగి సాకే కాస్త కరుకుగా వస్తుంది. దాన్ని ఒతొకొజాకే, అంటే మగ సాకే అన్నారు. క్యోటోలో ఫుషిమి నీళ్ళు మెత్తన, అక్కడ పులియడం నిదానంగా సాగి సాకే మృదువుగా వస్తుంది. దాన్ని ఒన్నజాకే, ఆడ సాకే అన్నారు. ఇదంతా బావి నీళ్ళ సంగతి, తాగేవాళ్ళ సంగతి కాదు. మా పెద్ద వదినకి నద సాకేయే నచ్చింది. పొద్దున్నే పంచదార లేకుండా డికాక్షన్ తాగే మనిషి మరి!

మెత్తటి నీళ్ళ మాట వచ్చింది కాబట్టి ఒక ముచ్చట. సైజోకి దగ్గర్లోనే, సముద్రం ఒడ్డున అకిత్సు అనే చిన్న ఊరుంది. మెత్తటి నీళ్ళతో మంచి సాకే చేసే పద్ధతిని 1898లో పుస్తకంగా రాసిపెట్టిన మియురా సెంజబురో ఆ ఊరివాడే. ఇవాళ అదే ఊళ్ళో ఇమద మిహో అనే ఆవిడ తన కుటుంబపు సాకే తయారీశాలలో టోజి, అంటే సాకే చేయించే పెద్ద మేస్త్రి. ఒకప్పుడు ఆడవాళ్ళని సాకే తయారీశాల గడప కూడా తొక్కనిచ్చేవాళ్ళు కాదు. ఈవిడ హత్తాన్‌సో అనే కనుమరుగైన వరి రకాన్ని మళ్ళీ పండించి దాంతో సాకే చేస్తోంది. 2020లో బీబీసీ వంద మంది మహిళల జాబితాలో ఆవిడ పేరుంది. సాకే పేరు ఫుకుచో. ఎక్కడైనా కనిపిస్తే వదలకండి.

ఇప్పుడు ఎంచుకోవడం. బియ్యం మిల్లు తెలిసినవాళ్ళకి సాకే లేబుల్ సగం అర్థమైపోయినట్టే. సాకే బియ్యాన్ని ఎంత పాలిష్ పట్టారన్నదే మొదటి లెక్క. గింజ పైపొరల్లో ఉండే కొవ్వూ మాంసకృత్తులూ సాకేకి బరువైన రుచి తెస్తాయి, లోపలి తెల్లటి గర్భంలో పిండి పదార్థం ఉంటుంది. లేబుల్ మీద 60 శాతం అని ఉంటే గింజలో నలభై శాతం తవుడుగా పోయి అరవై మిగిలిందని. 60 లేదా అంతకన్నా తక్కువ మిగిలితే ఆ సాకేని ‘గింజో’ అంటారు, 50 లేదా అంతకన్నా తక్కువైతే ‘దైగింజో’. యమగుచిలో చేసే దస్సాయ్ సీసాల మీద కనిపించే 45, 39, 23 అంకెలు ఇవే. 23 అంటే గింజలో ముప్పాతిక పైన అరగదీసేశారు! మన అమ్మమ్మలు చూస్తే తిట్టిపోసేవాళ్ళు.

జున్మాయ్ అని ఉంటే బియ్యం, కోజి, నీళ్ళు తప్ప ఇంకేమీ కలపలేదని అర్థం. ఆ మాట లేకుండా గింజో అనో హోన్‌జోజో అనో ఉంటే చివర్లో కొద్దిగా ఆల్కహాలు కలిపారన్నమాట. అది కల్తీ కాదు, వాసనని పైకి తేవడానికీ రుచి తేలిక చెయ్యడానికీ చేసే పనే. కోజి అంటే ఉడికిన బియ్యానికి పట్టించే బూజు. మనం పాలకి తోడు వేసినట్టు, ఇది అన్నానికి తోడు. పిండిని చక్కెరగా మారుస్తుంది. అదే తొట్టిలో, అదే సమయంలో ఈస్టు ఆ చక్కెరని ఆల్కహాలు చేస్తుంది. తరవాణి కుండ చూసి పెరిగినవాళ్ళకి ఆ వాసన పూర్తిగా కొత్తగా ఉండదు. కోజితో సాకే తయారుచేసే ఈ విద్యని 2024 డిసెంబరులో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చారు.

ఇంకో మాట, కరకుచి. మా చిన్న పిన్ని కూతురు అది విని “కారంగా ఉంటుందా అక్కా?” అని భయపడింది. నిజానికి జపనీసులో కరాయ్ అంటే కారం కూడా, కాబట్టి పిల్లది మరీ తప్పేం కాదు. కానీ సాకే విషయంలో కరకుచి అంటే తీపి లేనిది, అమకుచి అంటే తియ్యనిది. కొన్ని లేబుళ్ళ మీద కూడిక, తీసివేత గుర్తులతో ఒక అంకె ఉంటుంది. కూడిక పెరిగేకొద్దీ తీపి తగ్గుతుంది. దాన్ని మరీ నమ్మకండి, పులుపు ఎక్కువైతే ఆ లెక్క నాలిక మీద తారుమారవుతుంది.

ఇదంతా బట్టీ పట్టక్కర్లేదు. నేను చేసేది ఒకటే పని. ఎవర్ని తీసుకెళ్ళినా మొదట నోమికురాబే అడుగుతాను. అంటే మూడు చిన్న గ్లాసుల్లో మూడు రకాలు పక్కపక్కన తెచ్చిపెడతారు. ఒకటి చల్లటి దైగింజో. ఒకటి మామూలు జున్మాయ్. మూడోది ‘కిమోటో’ లేదా ‘యమహాయ్’ అనే పాత పద్ధతిలో చేసినది, కొంచెం పుల్లగా మోటుగా ఉంటుంది. ఒక్క రకమే తాగితే ‘బాగుంది’, ‘బాలేదు’ తప్ప ఏమీ చెప్పలేం. మూడు పక్కపక్కన ఉంటే నోరు దానంతటదే మాట్లాడుతుంది. “ఇది పుచ్చకాయలా ఉంది”, “ఇది అరటిపండు”, “ఇది అన్నం వార్చిన గంజి”. పండ్ల వాసన ఊహ కాదు, పులిసేటప్పుడు ఈస్టు చేసే పదార్థాలవే. ఆ మూడింట్లో ఎవరి చెయ్యి రెండోసారి దేని మీదకి వెళ్ళిందో చూడండి. నేను ఇప్పటిదాకా తీసుకెళ్ళినవాళ్ళలో దైగింజో వైపు వెళ్ళినవాళ్ళెంత మందో, మోటు యమహాయ్ వైపు వెళ్ళినవాళ్ళూ దాదాపు అంతమందే. ఖరీదైనదే నచ్చాలని లేదు.

సాకే అంటే వేడిగా తాగేదనుకుంటారు మనవాళ్ళు. దైగింజోని వేడి చేస్తే ఆ పండ్ల వాసన చాలావరకు ఎగిరిపోతుంది. దాన్ని చల్లగా, వీలైతే వైన్ గ్లాసులో తాగండి. వేడికి నిలబడేది జున్మాయ్, యమహాయ్. నురుకాన్ అని అడిగితే నలభై డిగ్రీల దగ్గర గోరువెచ్చగా ఇస్తారు, అత్సుకాన్ అంటే యాభై. నా ఓటు నురుకాన్‌కే. అక్టోబరు సాయంత్రం చలి మొదలయ్యేటప్పుడు అంతకన్నా సుఖం లేదు. మీరొచ్చే అక్టోబరులో హియాఒరోషి కూడా దొరుకుతుంది. చలికాలంలో చేసి, ఒక్కసారే వేడి చేసి, ఎండాకాలమంతా మాగబెట్టి శరదృతువులో వదిలే సాకే అది. నా మాట విని ఒక గ్లాసు పుచ్చుకోండి.

తినేవాటి సంగతి. ఒకసారి తెలివి ఉపయోగించి దైగింజోతో గోంగూర పచ్చడి కలిపాను. సీసా డబ్బులు దండగ! ఆల్కహాలు కారాన్ని ఇంకా మండిస్తుంది, గోంగూర ముందు ఆ సున్నితమైన వాసన సోదిలో లేకుండా పోయింది. మన తిండితో తాగాలంటే తెల్లగా మబ్బుగా ఉండే నిగోరి కొంత నయం, దాని తీపి కారాన్ని సర్దుతుంది. రొయ్యల వేపుడుకి గోరువెచ్చని యమహాయ్ బాగా కుదిరింది. మీలో శాకాహారులుంటే ఒక జాగ్రత్త. సాకే బియ్యమే కానీ పక్కన పెట్టే వంటకాల్లో చాలావాటికి చేప రసం తగులుతుంది. ఉడికించిన ఎడమామే (పచ్చి సోయా) కాయలు సరే. చల్లటి టోఫూ చెప్తే పైన చేప పొరలు చల్లుతారు, “కత్సుఒబుషి నషి దె” (చేప పొరలు లేకుండా) అని ముందే చెప్పండి.

ఎంత తాగాలి? ఈ ఒక్క చోట మాత్రం ఆడవాళ్ళ లెక్క నిజంగా వేరు. మన ఒంట్లో నీటి పాళ్ళు తక్కువ కాబట్టి అదే కొలత తాగినా రక్తంలో ఆల్కహాలు ఎక్కువ చేరుతుంది. 2024లో జపాన్ ఆరోగ్య శాఖ ఇచ్చిన మార్గదర్శకాల్లో జబ్బుల ముప్పు పెంచే కొలతగా రోజుకి మగవాళ్ళకి 40 గ్రాముల ఆల్కహాలు, ఆడవాళ్ళకి 20 గ్రాములు అన్నారు. సాకేలో ఆల్కహాలు సాధారణంగా 15, 16 శాతం. ఒక గో, అంటే 180 మి.లీ. తాగితేనే ఆ ఇరవై దాటుతుంది. అందుకే ముగ్గురికీ కలిపి నోమికురాబే రెండు సెట్లు చాలు, తలా ఒకటి వద్దు. కడుపుతో ఉన్నవాళ్ళు అసలు వద్దు. వాళ్ళకీ, తాగనివాళ్ళకీ కోజితో చేసిన అమజాకే ఉంది. ఆల్కహాలు లేని తియ్యటి జావ. సాకే మడ్డితో చేసే అమజాకే కూడా ఉంటుంది, అందులో కాస్త ఆల్కహాలు మిగలొచ్చు, అడిగి తీసుకోండి. మా అత్తగారికి కోజిది తెగ నచ్చి రెండు ప్యాకెట్లు ఊరికి పట్టుకెళ్ళారు.

నాకు మొదటిసారి తల పగిలింది ఆఫీసు విందులో. చిన్న ఓచోకో గిన్నె, ఖాళీ అయితే పక్కవాళ్ళు నింపుతూనే ఉంటారు, లెక్క తప్పుతుంది. ఎవరూ చెప్పని కిటుకు ఏమిటంటే, ఇక చాలనుకుంటే గిన్నె నిండుగా వదిలెయ్యడమే. నిండు గిన్నెలో ఎవరూ పొయ్యరు, మర్యాదా పోదు. పక్కన మంచినీళ్ళు కూడా అడగండి. దానికి యవరాగి మిజు అని పేరే ఉంది, సాకేకి సమానంగా తాగాలి. తాగి కారు సరేసరి, సైకిలు కూడా ఎక్కకండి. 2024 నవంబరు నుంచి దానికి శిక్షలు గట్టిగా ఉన్నాయి.

ఎక్కడికి వెళ్ళాలంటే, టోక్యో నుంచి షింకాన్‌సెన్ (బులెట్ రైలు)లో గంటన్నర లోపే ఎచిగో యుజావా. ఆ స్టేషన్లోనే పొన్‌షుకాన్ అనే సాకే రుచి చూసే చోటు ఉంది. మేం వెళ్ళినప్పుడు 500 యెన్లకి ఐదు బిళ్ళలూ ఒక చిన్న గిన్నే ఇచ్చారు. గోడ నిండా ఆ నీగాత ప్రాంతపు సాకేల మరలు. బిళ్ళ వేస్తే గిన్నె నిండుతుంది. నంజుకోవడానికి రకరకాల ఉప్పులు కూడా పెడతారు. జామకాయకి ఉప్పు అద్దుకునే జాతి మనది, అక్కడ మా వదినల్ని బయటికి లాక్కురావడం కష్టమైంది. మగవాళ్ళ తోడు లేకుండా, ఎవరూ వింతగా చూడకుండా, తప్పు సీసా కొన్నామన్న బాధ లేకుండా రుచి చూడ్డానికి నాకు తెలిసి ఇంతకన్నా మంచి చోటు లేదు.

హిరోషిమా వైపు వెళ్తే సైజోలో దిగండి. స్టేషన్ పక్క వీధుల్లోనే ఎర్ర ఇటుక పొగగొట్టాల మీద సాకే తయారీశాలల పేర్లు రాసి కనిపిస్తాయి. అక్టోబరులో అక్కడ సాకే పండగ కూడా జరుగుతుంది, అప్పుడు జనం బాగా ఉంటారు. నేనైతే మామూలు రోజునే ఇష్టపడతా. ఆ తయారీశాలల ముందు బావి నీళ్ళు పట్టుకోవచ్చు. ముందు ఆ నీళ్ళు తాగి, తరవాత సాకే తాగండి.

తిరుగు ప్రయాణంలో 720 మి.లీ. సీసాలు మనిషికి రెండు సరిపోతాయి, మన కస్టమ్స్ రెండు లీటర్ల దాకా సుంకం లేకుండా వదులుతుంది. చెక్ ఇన్ పెట్టెలో, చీరల మధ్య చుట్టి పెట్టండి. నమజాకే అని ఉన్న సీసా మాత్రం కొనకండి, అది వేడి చెయ్యనిది, ఫ్రిజ్‌లోంచి తీస్తే దారిలోనే పాడవుతుంది. మూత తీశాక ఏ సాకే అయినా ఫ్రిజ్‌లో పెట్టి వారం లోపు అయిపోగొట్టండి. మిగిలితే చేపల కూరలో ఒక గరిటె వేసి చూడండి, నీచు వాసన పోతుంది.