క్యారవాన్ కోసం బంగారం తాకట్టా, అన్నా?

హనుమకొండ నుంచి ఒక పెద్దాయన రాశారు. పేరు వద్దన్నారు. వయసు 61. విత్తనాల కంపెనీలో మేనేజరుగా చేసి నిరుడు రిటైరయ్యారు. ఇంటావిడకు 58, షుగరు, బీపీ ఉన్నాయి. కొడుకు బెంగళూరులో, బిడ్డ పుణేలో ఉంటారు. వేసవి సెలవులకు, దసరాకు మనవడు, మనవరాలు వస్తారు. ఉత్తరంలో అసలు ముక్క ఇది:

“తమ్ముడూ, 35 ఏళ్లు కంపెనీ జీపులో ఊళ్లు పట్టుకొని తిరిగిన. మా ఆవిడకు మాత్రం తిరుపతి, శ్రీశైలం తప్ప ఏమీ చూపియ్యలె. ఇప్పుడు ఒక చిన్న క్యారవాన్, అంటే లోపలే వండుకొని పడుకునే బండి, చేయించుకుందామని ఉంది. రామప్ప, లక్నవరం, కాళేశ్వరం, బాసర, వచ్చే జాతరకు మేడారం, తర్వాత కేరళ దాకా. 3,350 వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం, మిల్లీమీటర్లలో) బండి మీద ఇద్దరు పడుకునేది చేయిస్తే 26 లక్షలు, 4,020 మీద పిల్లలతో కలిపి నలుగురికి చేయిస్తే 31 లక్షలు అంటున్నరు. ఏది మంచిది? 12 లక్షల ఎఫ్‌డీ తీస్త. 8 లక్షలు గోల్డ్ లోన్, 10 శాతం వడ్డీ. మిగిలింది తెలిసినాయన రూపాయిన్నర వడ్డీకి ఇస్తా అన్నడు. మేము తిరగని రోజుల్ల కిరాయికి ఇస్తే వడ్డీ దానంతట అదే వెళ్తది. ఎమర్జెన్సీకంటే సేవింగ్స్‌లో 4 లక్షలు, మామునూరు దిక్కు ప్లాటు ఉండనే ఉన్నయి.”

తమ్ముడూ అన్నారు కాబట్టి నేనూ అన్నా అనే పిలుస్తాను. ఈ ఉత్తరాన్నే పట్టుకోవడానికి కారణం క్యారవాన్ కాదు, చివరి వాక్యం. నా దగ్గరకు వచ్చే రిటైరైనవాళ్లలో చాలామంది నోట ఇదే మాట వింటాను. కొందరికి ఫామ్‌హౌస్, కొందరికి మనవరాలి ఓణీల ఫంక్షన్, మీకు బండి. ఖర్చు మారుతుంది, “ప్లాటు ఉండనే ఉంది” మాత్రం మారదు.

అన్నా, ప్లాటు ఎమర్జెన్సీ డబ్బు కాదు. ఎయిర్‌పోర్టు వస్తుందని మామునూరు దిక్కు ధరలు ఎంత పెరిగినా కాదు. మా చిన్నాయన సంగతి చెప్తాను. ఆయనకు మూడు ప్లాట్లు, ఒక షట్టరు. ఒక రాత్రి ఒంటిగంటకు ఛాతీలో నొప్పని ప్రైవేటు ఆసుపత్రికి తీసుకుపోయాం. కౌంటర్లో లక్ష కట్టమన్నారు. అందరి ఫోన్లలో ఉన్నదంతా ఊడ్చినా 43 వేలయ్యాయి. మా చిన్నమ్మ ఏమీ మాట్లాడకుండా పక్కనున్న వాష్‌బేసిన్ దగ్గరికి పోయి, చేతికి సబ్బు రాసుకుని గాజులు గుంజడం మొదలుపెట్టింది. ఒకటి వచ్చింది. రెండోది కీలు దగ్గర ఇరుక్కుని చెయ్యి ఎర్రగా కమిలింది. ఆ రాత్రివేళ గాజు తీసుకుని డబ్బిచ్చేవాడు ఎవడున్నాడు? తెల్లారేదాకా బావమరిది అప్పే దిక్కయింది. మూడు ప్లాట్ల కాయితాలూ అప్పుడు బీరువాలో భద్రంగానే ఉన్నాయి.

అందుకని ఎవరు ఏ ప్రశ్న అడిగినా నా నోట మొదట వచ్చేది ఇదే. మీకు జీతం లేదు. జీతం ఉన్నవాడికి ఆరు నెలల ఖర్చు సరిపోతుంది, ఎందుకంటే వాడికి వచ్చే ఒకటో తారీఖు ఉంటుంది. రిటైరైనవాళ్లకు నేను ఏడాది ఖర్చు పక్కన పెట్టమంటాను. మీ ఇంటి ఖర్చు నెలకు 38 వేలని రాశారు, అంటే 4,56,000. దాని మీద ఆసుపత్రి అడ్వాన్సుకు ఇంకో 2 లక్షలు. మొత్తం ఆరున్నర లక్షలు మీరు ముట్టుకోకూడదు, ఇంకొకరికి అప్పివ్వకూడదు, దేనికీ తాకట్టు పెట్టకూడదు. సేవింగ్స్‌లో ఒక లక్ష, మిగతాది స్వీప్ ఎఫ్‌డీలో (అవసరమైనప్పుడు దానంతట అదే సేవింగ్స్‌లోకి వచ్చే ఎఫ్‌డీ), ఖాతా వదినతో కలిపి, ఇద్దరిలో ఎవరైనా తీసుకునేలా. వదినకు ఏటీఎం పిన్ తెలియాలి. తెలియడమంటే చీటీ మీద రాసి పోపుల డబ్బాలో పెట్టడం కాదు, నెలకోసారి ఆమె చేత్తో ఆమే డబ్బు తియ్యాలి. ఇంకోటి, ఆ 12 లక్షలూ ఒకే బ్యాంకులో ఉన్నట్టున్నాయి. బ్యాంకుకు ఏమైనా అయితే డిపాజిట్ బీమా ఒక మనిషికి 5 లక్షల వరకే.

ఇప్పుడు మీ చేతికి వచ్చేది చూద్దాం. సీనియర్ సిటిజన్ స్కీములో 30 లక్షలు పెట్టారు, 8.2 శాతం మీద మూడు నెలలకు 61,500, అంటే నెలకు 20,500. పీఎఫ్ పెన్షన్ 4,200. పైపోర్షన్ కిరాయి 9,000. ఎఫ్‌డీ మీద 7 శాతం లెక్కన నెలకు 7,000. మొత్తం 40,700. ఖర్చు 38,000. మిగిలేది 2,700, అదీ ఎవరి పెళ్లీ లేని నెలలో.

ఎఫ్‌డీ తీసేయండి. రాబడి 33,700కు పడింది, అక్కడికే 4,300 లోటు. గోల్డ్ లోన్ 8 లక్షల మీద వడ్డీ నెలకు దాదాపు 6,670. తెలిసినాయన దగ్గర 6 లక్షలు, రూపాయిన్నర వడ్డీ, నెలకు 9,000. లోటు నెలకు 20 వేలకు వచ్చింది. ఇందులో అసలు ఒక్క రూపాయి తీరలేదు. డీజిల్ లేదు, టైర్లు లేవు, బండి ఇన్సూరెన్స్ లేదు. మీరు ఎమర్జెన్సీకి ఉందన్న 4 లక్షలు 20 నెలల్లో అయిపోతాయి. బండి గేటు ముందు తళతళలాడుతుంటుంది.

రూపాయిన్నర వడ్డీ అంటే వినడానికి చిన్నగా ఉంటుంది, ఏడాదికి 18 శాతం అది. మీ సొమ్ముకు 8.2 తెచ్చుకుంటూ పక్కవాడికి 18 కడతానంటున్నారు! పంటకు పెట్టుబడి లేక రైతు తెచ్చాడంటే అర్థం చేసుకుంటాను. తిరగడానికి తెస్తారా? విత్తనాల కంపెనీలో ఉన్నారు, ఈ వడ్డీ పత్తి రైతును ఏం చేస్తుందో నాకంటే మీకే ఎక్కువ తెలుసు.

బంగారం సంగతి. మేడారంలో బంగారమంటే బెల్లం. తల్లులకు నిలువెత్తు తూకం ఇచ్చినా ఇల్లు గుల్లయ్యేది లేదు. మీరు బ్యాంకు కౌంటర్లో తూకం వేయిస్తానంటున్నది వదిన పుస్తెలతాడు, హారం. ఆమెను అడిగారా? ఉత్తరంలో ఎక్కడా ఆమె మాట లేదు.

కిరాయికి ఇస్తే వడ్డీ వెళ్తుందన్నారు. సొంత వాడకానికని రిజిస్టర్ చేయించిన క్యారవాన్ తెల్ల బోర్డు బండి. దాన్ని కిరాయికి తిప్పితే ఆర్టీఏ వాళ్లు ఆపడం ఒక ఎత్తు, యాక్సిడెంటయితే బీమా కంపెనీ చేతులెత్తేయడానికి అదొక్కటి చాలు. పసుపు బోర్డు చేయిస్తే పర్మిట్, రెండేళ్లకోసారి ఫిట్‌నెస్, పన్ను, డ్రైవరు. అప్పుడు మీరు తిరగడానికి బండి కొన్నట్టు కాదు, 61 ఏట ట్రావెల్స్ పెట్టినట్టు.

బండి విలువ ఎలా తగ్గుతుందో కూడా చూడండి. ఐదేళ్లు నిండేసరికి బీమా లెక్కలో విలువ సగానికి పడుతుంది. అమ్మబోతే కూడా, పైగా ఇలాంటి బండి కొనేవాళ్లు తక్కువ కనుక, అంతకు మించి వస్తుందని నేననుకోను. 26 లక్షల్లో 13 లక్షలు పోయాయి. ఏడాదికి 40 రాత్రులు బయట ఉంటామన్నారు, ఐదేళ్లకు 200. రాత్రికి 6,500 పడింది, పడుకున్నందుకే. పైగా రామప్ప, లక్నవరం, మేడారం మూడూ మీ ఇంటి నుంచి పొద్దున పోయి రాత్రికి తిరిగొచ్చే దూరమే కదా!

ఇక ఆరోగ్య బీమా. “కొడుకు కంపెనీ పాలసీలో మేమిద్దరం ఉన్నం” అని ఒక్క ముక్కలో తేల్చేశారు. ఆ పాలసీ కొడుకు ఉద్యోగంతో పాటు పోతుంది. బాబు కంపెనీ మారి, కొత్త కంపెనీ తల్లిదండ్రులను చేర్చుకోకపోతే, అప్పుడు మీరు సొంతంగా తీసుకునే పాలసీలో వదిన షుగరుకు మూడేళ్ల దాకా వెయిటింగ్ ఉండొచ్చు, అంటే అప్పటిదాకా ఆ జబ్బు ఖర్చు ఇవ్వరు. ఆ మూడేళ్ల గడియారం ఈరోజే మొదలవ్వాలి, కొడుకు పాలసీ ఉండగానే. ఇద్దరికీ కలిపి 10 లక్షల ఫ్లోటర్, అంటే ఇద్దరిలో ఎవరికైనా వాడుకునే ఒకే పాలసీ, తీసుకోండి. షుగరు, బీపీ దాచకుండా రాయండి. ఏజెంటు “వద్దులే సార్” అంటే ఏజెంటును మార్చండి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య పాలసీల మీద జీఎస్టీ కూడా లేదు. ప్రీమియం నొప్పి తెలుస్తుంది, కాదనను. మీ చేతిలో మిగిలే 2,700 అంతా దానికే పోయినా, ఇంకో వెయ్యో రెండు వేలో ఇంటి ఖర్చులో తగ్గించాల్సొచ్చినా పోనీండి.

ఇంత తిట్టాక మీరడిగినదానికి జవాబు చెప్పకపోతే బాగుండదు. ఎప్పుడైనా కొంటే చిన్నదే, ఇద్దరిదే. పిల్లలు ఏడాదికి పది రోజులు ఎక్కుతారు, మిగతా రోజులు ఆ రెండు మంచాలు దుప్పట్లు మోస్తాయి. పైగా ఆ పిల్లలు వచ్చేదెప్పుడు? మే నెలలో. రామగుండం, మంచిర్యాల వైపు 45 డిగ్రీలు కాసే రోజుల్లో రేకు బండిలో నలుగురు పడుకోవాలంటే రాత్రంతా ఏసీ నడవాలి. దానికి తగ్గ బ్యాటరీలుండాలి, లేదా పక్కన ప్లగ్గు పాయింటుండాలి. దసరాకైతే హాయి. పిల్లలున్న రోజుల్లో లక్నవరంలో హరిత కాటేజీ తీసుకుంటే అయిపోతుంది.

మంచాలు ఎన్నని అడుగుతారు అందరూ. బెల్టున్న సీట్లు ఎన్నని అడగండి. పిల్లలు ఎక్కే రోజుల కోసం నాలుగుండాలి, నాలుగూ ముందుకు తిరిగి ఉండాలి. పగలు సోఫా, రాత్రి పరుపు అయ్యే పక్కవాటు బెంచీ మీద బండి నడుస్తుండగా మనవరాలిని కూర్చోబెట్టేరు! 100 లీటర్ల నీళ్ల ట్యాంకంటే 100 కిలోల బరువు, దానికి గ్యాసు, బ్యాటరీలు, సామాను కలపండి. లోపలి టాయిలెట్ డబ్బా ఎక్కడ పారబోస్తారో ముందే ఆలోచించండి, మన రోడ్ల మీద దానికి చోటంటూ లేదు. లోపల చేసిన మార్పులన్నీ ఆర్సీలోకి, బీమా పాలసీలోకి ఎక్కాలి, లేకుంటే క్లెయిము దగ్గర కొట్లాటే. బండి ఎక్కడ నిలుపుతారు? 2023 జులైలో నయీంనగర్ దిక్కు నీళ్లు ఎలా వచ్చాయో చూశారు కదా. నీళ్లలో మునిగిన బండికి తాళం తిప్పితే ఇంజను పోతుంది, మామూలు పాలసీ దానికి పైసా ఇవ్వదు, విడిగా ఇంజన్ ప్రొటెక్ట్ ఉండాలి.

ఇంకొకటి, నడిపేది మీరొక్కరే. 55 దాటినవాళ్లకు లైసెన్సు ఐదేళ్లకోసారే ఇస్తారు, ప్రతిసారీ డాక్టరు సర్టిఫికెట్ కావాలి. కంటికి శుక్లాల ఆపరేషనంటే కొన్నాళ్లు బండికి సెలవే.

మా తాత ఎడ్ల కచ్చరం కట్టుకుని మేడారం పోయేవాడు. లోపల గడ్డి, మీద జంపఖానా, వెనక వంట గిన్నెలు. అదే ఆయన క్యారవాన్. జాతర అయ్యాక ఆ ఎడ్లే దున్నడానికి పోయేవి, కనుక ఊరికే నిలబడి వడ్డీ తినేది కాదు. మీకూ ఇంట్లో ఆరేళ్ల ఎర్టిగా ఉందని రాశారు. వెనక రెండు వరుసలు మడిచి, పరుపు, దోమతెర, చిన్న స్టవ్వు, మడత కుర్చీలు పెట్టుకోండి. ఏదీ కొయ్యకుండా, వెల్డింగ్ లేకుండా 40 వేలలో అవుతుంది. ఈ దసరాకు హైదరాబాద్‌లో కిరాయికి దొరికే క్యారవాన్ మూడు రోజులకు తీసుకుని వదినతో, పిల్లలతో పోయి రండి. మెట్టెక్కడానికి ఆమె మోకాళ్లు ఏమంటాయో, లోపల వంట చెయ్యడం ఆమెకు సరదాగా ఉందో మళ్లీ వంటింటి చాకిరీగానే ఉందో అప్పుడు తెలుస్తుంది.

సీనియర్ సిటిజన్ స్కీము తియ్యొచ్చా అని కింద చిన్నగా రాశారు. వద్దు. ఏడాది దాటి రెండేళ్లలోపు తీస్తే అసలులో ఒకటిన్నర శాతం కోత, 30 లక్షల మీద 45 వేలు. ప్లాటు అమ్మి బండి కొనొచ్చా అంటే అది వేరే మాట. అమ్మండి, డబ్బు చేతికి రానివ్వండి, ఆరున్నర లక్షలు, పాలసీ పక్కన పెట్టాక ఎంత మిగిలితే అంతలో సెకండ్ హ్యాండ్ బండి చూడండి. నేను అడ్డు చెప్పను.

బాడీ కట్టేవాళ్లకు 25 వేలు బుకింగ్ కట్టానని చివర్లో రాశారు. రేపే పోయి, ఆర్డరు వద్దని కాయితం మీద రాసిచ్చి తిరిగి అడగండి. రసీదు ఫొటో తీసి పెట్టుకోండి. ఇవ్వనంటే వదిలేయండి, మీరు మొయ్యబోయిన అప్పుకు అది రెండు నెలల వడ్డీ కూడా కాదు.