థర్డ్ ఇయర్ ఫీజు కట్టలేక చదువు ఆపేద్దామనుకుంటున్న బిడ్డకి

జగిత్యాల దిక్కు నుంచి ఒక అమ్మాయి రాసింది. హైదరాబాద్ శివార్లలో ప్రైవేటు కాలేజీలో సీఎస్ఈ థర్డ్ ఇయర్, కన్వీనర్ కోటా సీటు, బీసీ, ఎంసెట్ ర్యాంకు పదివేలు దాటింది. ఏడాది ఫీజు 1,10,000, ఆ ర్యాంకుకి గవర్నమెంట్ రీయింబర్స్‌మెంట్ 35,000 వరకే, అది పోతే మిగిలిన 75,000 ఇంట్లో నుంచే కట్టుకోవాలి. రెండేళ్ళు నాన్న దుబాయ్ నుంచి పంపాడు, ఇప్పుడు నడుము దెబ్బతిని ఇంటికొచ్చేశాడు, అమ్మ బీడీలు చేస్తది. పోయినేడు బాకీ 20,000, ఈ ఏడు 75,000, మొత్తం 95,000 కట్టకపోతే హాల్ టికెట్ ఇవ్వమన్నారట. మామ మూడు రూపాయల మిత్తికి ఇప్పిస్తా అంటున్నాడు, ఈ పిల్లేమో "సార్, డిస్కంటిన్యూ చేసి కాల్ సెంటర్‌లో చేరి తర్వాత చదువుకుంటా, అది కరెక్టేనా" అని అడుగుతోంది.

బిడ్డా, ముందు మామ మాట తేలుద్దాం. మూడు రూపాయల మిత్తి అంటే నూటికి నెలకి మూడు, ఏడాదికి 36 శాతం. 95,000కి నెలకి 2,850, ఏడాదికి 34,200. నీకు ఉద్యోగం వచ్చేదాకా రెండేళ్ళు వేసుకున్నా మిత్తే 68,400 అయితది, అసలు అట్లనే ఉంటది, మళ్ళీ ఫోర్త్ ఇయర్ 75,000 ఎక్కడి నుంచి తెస్తారు? కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు అయితది. లోన్ యాప్‌ల జోలికైతే అసలే పోవద్దు, వాళ్ళు ఫోన్‌లో ఉన్న కాంటాక్టులందరికీ మెసేజ్‌లు పెట్టి పరువు తీసిన పిల్లల్ని నేను చూసిన.

ఇక డిస్కంటిన్యూ సంగతి. మధ్యలో ఆపితే మళ్ళీ చేరాలంటే రీఅడ్మిషన్ పర్మిషన్లు, అప్పటికి యూనివర్సిటీ సిలబస్ రెగ్యులేషన్ మారితే కొత్త సబ్జెక్టులు, జూనియర్లతో కూర్చోవడం, పైగా రీయింబర్స్‌మెంట్ రెన్యువల్ ఆగిపోతే ఆ 35,000 కూడా డౌటే. కాల్ సెంటర్ జీతంలో రూమ్ రెంటు, తిండి పోను నెలకి ఎంత మిగులుతదో నువ్వే లెక్కేసుకో. తర్వాత చదువుకుంటా అని పోయినోళ్ళు నా దగ్గరికి చాలామంది వచ్చారు, తిరిగి వచ్చి పూర్తి చేసినోళ్ళు మాత్రం వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది.

నీకు పనికొచ్చేది ఎడ్యుకేషన్ లోన్. అది ఫస్ట్ ఇయర్‌లోనే తీసుకోవాలని చాలామంది అనుకుంటారు, కాదు, థర్డ్ ఇయర్‌లో కూడా మిగిలిన చదువుకి అప్లై చేయొచ్చు. నేను బ్యాంకులో లోన్ సెక్షన్‌లో కొన్నేళ్ళు కూర్చున్నా కాబట్టి చెప్తున్నా, థర్డ్ ఇయర్ దాకా వచ్చి, మెమోల్లో బ్యాక్‌లాగులు లేని స్టూడెంట్ అంటే మేనేజర్‌కి ఫస్ట్ ఇయర్ పిల్లల కన్నా నమ్మకం ఎక్కువే. నీకు కావాల్సింది ఈ 95,000, వచ్చే ఏడు 75,000, మొత్తం 1,70,000. నాలుగు లక్షల లోపు ఎడ్యుకేషన్ లోన్‌కి సెక్యూరిటీ అడగొద్దని రిజర్వ్ బ్యాంక్ రూల్ ఉంది, అంటే పొలం కాగితాలు, ఇంటి కాగితాలు ఏమీ పెట్టక్కర్లేదు, మార్జిన్ అని మన చేతి నుంచి పెట్టే వాటా కూడా ఉండదు. అమ్మనో నాన్ననో కో-అప్లికెంట్‌గా సంతకం పెట్టాలి అంతే. ఇక్కడ ఒక మాట, నాన్న గల్ఫ్ పోవడానికి బ్యాంకులో ఏమన్నా లోన్ తీసుకుని కిస్తీలు ఆపేసి ఉంటే సిబిల్ స్కోరు, అంటే అప్పులు సరిగ్గా కట్టిన రికార్డు, దెబ్బతిని ఉంటది, అట్లయితే నాన్నని కాకుండా అమ్మని పెట్టండి.

వడ్డీ సుమారు పది శాతం అనుకో, 1,70,000 మీద ఏడాదికి 17,000 చిల్లర, ఎస్‌బీఐ లాంటి చోట ఆడపిల్లలకి అర శాతం తగ్గిస్తారు. కిస్తీలు ఇప్పుడే మొదలుకావు, కోర్సు అయిపోయాక ఇంకో ఏడాది టైమ్ ఉంటది. అసలైన లాభం ఇంకోటి ఉంది, ఇంటి ఆదాయం ఏడాదికి 4.5 లక్షల లోపు ఉండి కాలేజీకి న్యాక్ గుర్తింపు గానీ నీ బ్రాంచ్‌కి ఎన్‌బీఏ గుర్తింపు గానీ ఉంటే, ఆ కోర్సు టైమ్, తర్వాతి ఏడాది వడ్డీ మొత్తం కేంద్రమే కట్టే స్కీమ్ ఉంది, సీఎస్ఐఎస్ అంటారు. బ్యాంకోళ్ళు వాళ్ళంతట వాళ్ళు చెప్పరు, నువ్వే అడగాలి, ఇన్‌కమ్ సర్టిఫికెట్ ఇచ్చి క్లెయిమ్ పెట్టమని గట్టిగ చెప్పాలి.

కొన్ని బ్రాంచుల్లో "పీఎం విద్యాలక్ష్మి లిస్టులో మీ కాలేజీ లేదమ్మా, లోన్ రాదు" అని పంపిస్తున్నారు. అది తప్పు. 2024 నవంబర్‌లో వచ్చిన ఆ కేంద్ర ఎడ్యుకేషన్ లోన్ స్కీమ్ జాతీయ ర్యాంకులున్న సంస్థలకే, నిజమే, కానీ లిస్టులో లేని కాలేజీల పిల్లలకి మామూలు ఎడ్యుకేషన్ లోన్ ఎప్పటిలాగే ఉంది. "మీది మా సర్వీస్ ఏరియా కాదు", అంటే మీ ఊరు మా బ్రాంచ్ కిందికి రాదు అనేది ఇంకో సాకు, దాన్ని కూడా రిజర్వ్ బ్యాంక్ 2012లోనే వద్దంది. అయినా గొడవ దేనికి, మీ అమ్మ అకౌంట్ ఉన్న ఊరి దగ్గర బ్రాంచికే పో, మొహం తెలిసిన చోట పని తొందరగా అయితది. ఎడ్యుకేషన్ లోన్లకి ఆన్‌లైన్‌లో అప్లై చేసే విద్యాలక్ష్మి పోర్టల్‌లో కూడా అప్లికేషన్ పెట్టు, నంబర్ వస్తది, ఆ నంబర్ నీకు కాలేజీలో పనికొస్తది. కాదంటే కారణం రాసి ఇవ్వమని అడుగు, రాసి ఇవ్వాలంటే సగం మంది మాట మారుస్తారు.

కాలేజీలో ఎట్లా పనికొస్తదంటావా, చెప్తా. ఇప్పటిదాకా నువ్వు మాట్లాడింది అకౌంట్స్ కౌంటర్‌లో ఆయనతో కదా, ఆయనకి కట్టించుకునుడు తప్ప ఇంకో అధికారం లేదు, ఆయనతో కొట్లాడి లాభం లేదు. ప్రిన్సిపాల్ పేరు మీద ఒక పేజీ లెటర్ రాయి, నాన్న మెడికల్ రిపోర్ట్ జిరాక్స్, నీ మెమోలు, లోన్ అప్లికేషన్ నంబర్ పెట్టి, ఇప్పుడు 20,000 కడతా, మిగతాది లోన్ డబ్బు నేరుగా మీ అకౌంట్‌కే పడుతది, పరీక్షకి మాత్రం కూర్చోనివ్వండి అని. మీ బ్రాంచ్ హెచ్ఓడీని కలిసి ఆయన రికమండేషన్ సంతకం పెట్టించి తీసుకెళ్ళు, అమ్మని వెంట తీసుకుపో. కాలేజీలకి కూడా డబ్బు రావడమే కావాలి, రీయింబర్స్‌మెంట్ బకాయిల కోసం 2025 నవంబర్‌లో బంద్ పెట్టినోళ్ళే కదా, బ్యాంకు నుంచి గ్యారంటీగా వచ్చే డబ్బుని కాదనరు. అదే లెటర్‌లో ఫీజు వివరం హెడ్ వారీగా అడుగు. కన్వీనర్ కోటా ఫీజు ఎంతో రాష్ట్ర ఫీజుల కమిటీ టీఏఎఫ్ఆర్‌సీ సిఫారసుతో వచ్చిన జీవోలో ఉంటది, ప్లేస్‌మెంట్ ట్రైనింగ్ అనీ స్కిల్ డెవలప్‌మెంట్ అనీ దాని మీద కలిపిన పైసలు ఏమన్నా ఉంటే అవి తీసేయమని నెమ్మదిగా అడగొచ్చు. ఒరిజినల్ సర్టిఫికెట్లు వాళ్ళ దగ్గర ఉంచేసుకుంటాం అని బెదిరిస్తే మాత్రం భయపడకు, ఒరిజినల్స్ పట్టుకోవద్దని యూజీసీ 2018లోనే చెప్పింది.

మరి ఆ మొదటి 20,000 ఎక్కడిది అంటే, అమ్మ మహిళా సంఘంలో ఉందా? ఉంటే ఊళ్ళో సంఘాల లెక్కలు చూసే వీఓఏని అడగమను, సంఘం ఆడవాళ్ళకి ఇచ్చే స్త్రీనిధి లోన్ అసలు ఇట్లాంటి అవసరాలకే పెట్టింది, మిత్తి మామ చెప్పినదానిలో సగం కూడా ఉండదు. లేదంటే తులమో అర తులమో బ్యాంకులో గోల్డ్ లోన్, అది కూడా నయమే.

స్కాలర్‌షిప్‌లు రెండో మాటే, ఎందుకంటే అవి వచ్చేసరికి నీ హాల్ టికెట్ టైమ్ దాటిపోతది. అమ్మకి బీడీ కార్మికుల ఐడీ కార్డు ఉంటే కార్మిక శాఖ స్కాలర్‌షిప్ ఎన్‌ఎస్‌పీలో, అంటే నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో పెట్టుకోవచ్చు, ఇంజినీరింగ్‌కి ఏడాదికి 25,000, కానీ ఇంకో స్కాలర్‌షిప్ తీసుకునేవాళ్ళకి ఇవ్వరు, నువ్వు 35,000 తీసుకుంటున్నావు కాబట్టి నీకు వద్దు, ఇంట్లో తమ్ముడో చెల్లెనో స్కూల్లో ఉంటే వాళ్ళకి పెట్టించు. ఏఐసీటీఈ ప్రగతి స్కాలర్‌షిప్ 50,000 ఆడపిల్లలకి మంచిదే గానీ అది ఫస్ట్ ఇయర్‌లో, లేదా డిప్లొమా చేసి సెకండ్ ఇయర్‌లో చేరినప్పుడే పెట్టుకోవాలి, నీకు టైమ్ పోయింది, నీ జూనియర్లకి చెప్పు. నీ కేసుకి దగ్గరగా ఉన్నది హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంక్ పరివర్తన్ స్కాలర్‌షిప్, ఈ మధ్య మూడేళ్ళలో ఇంట్లో ఏదన్నా పెద్ద కష్టం వచ్చిన పిల్లల్ని వాళ్ళు ప్రత్యేకంగా చూస్తారు, ఆదాయం 2.5 లక్షల లోపు ఉండాలి. నాన్న హాస్పిటల్ కాగితాలన్నీ జాగ్రత్తగ పెట్టు. ఏ స్కాలర్‌షిప్పయినా ఇప్పిస్తా అని ముందు వెయ్యి రూపాయలు అడిగినోడు దొంగ అనుకో.

ఇంకోటి నువ్వు రాయలేదు గానీ, ప్రైవేటు హాస్టల్‌లో ఉన్నావా? ఉంటే నెల నెలా పోయే పైసలు ఫీజు కన్నా పెద్ద బొక్క. బీసీ వెల్ఫేర్ కాలేజ్ హాస్టల్‌లో ఖాళీ ఉందేమో జిల్లా బీసీ ఆఫీసులో అడుగు, కాలేజీకి దూరమైనా పర్లేదు, ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకి టికెట్ లేదు కదా.

ఇంట్లో "లోన్ ఉంటే రేపు పెళ్ళికి అడ్డం" అంటారు, మామనే అంటాడు చూడు. ఆయన ఇప్పిస్తానన్న అప్పు ఎవరి పేరు మీద ఉంటదో అడుగు.

సోమవారం బ్యాంకుకి పోయేటప్పుడు నీ ఆధార్, పాన్, అమ్మవి కూడా, టెన్త్, ఇంటర్ మెమోలు, బీటెక్ మెమోలు అన్నీ, ఎంసెట్ అలాట్‌మెంట్ ఆర్డర్, మీసేవ ఇన్‌కమ్ సర్టిఫికెట్, కాలేజీ నుంచి బోనఫైడ్, రెండేళ్ళ ఫీజు స్ట్రక్చర్ లెటర్ ఒకే ఫైల్‌లో పెట్టుకో. బోనఫైడ్ శుక్రవారమే అడుగు, బాకీ ఉందని దానికి కూడా తిప్పుతారు, రెండు రోజులు పడుతది. అమ్మకి పాన్ కార్డు లేకపోతే ఇయ్యాలే ఆన్‌లైన్‌లో అప్లై చెయ్యి, ఆధార్‌కి ఫోన్ నంబర్ లింక్ ఉంటే ఈ-పాన్ తొందరగానే వస్తది.