నల్ల ప్లాస్టిక్ మీద తెల్ల వ్యాక్స్: అల్లుడికి ఉత్తరం

హనుమకొండ

అల్లుడూ,

నువ్వు పంపిన ఫోటోలు చూశాను. దసరా వస్తోందని బండికి నువ్వే కూర్చుని వ్యాక్స్ పెట్టడం బాగుంది. బానెట్, డోర్లు తళతళలాడుతున్నాయి. కానీ బంపర్ కింది నల్ల ప్లాస్టిక్, వైపర్ల దగ్గరి జాలీ, డిక్కీ మీది అక్షరాల సందులు సున్నం పూసినట్టున్నాయి. టెన్షన్ పడకు, అది వదులుతుంది. వాటర్ సర్వీసింగ్ షెడ్డు నడిపినన్నాళ్లూ నా దగ్గరికి ఇలాంటి బండ్లు వస్తూనే ఉండేవి. ఒకటే మాట, దాన్ని గీకొద్దు. పిన్నీసు, చాకు, గిన్నెలు తోమే స్టీలు పీచు దాని దగ్గరికే రానీయకు.

ముందు ఆ తెలుపు వ్యాక్సేనా కాదా చూసుకో. బోరు నీళ్లతో కడిగి ఎండకు ఆరనిస్తే చుక్కలు చుక్కలుగా ఉప్పు మిగులుతుంది. సగం నీళ్లు కలిపిన వెనిగర్ గుడ్డతో అద్ది కాసేపాగి కడిగితే అది పోతుంది. వ్యాక్స్‌ను వెనిగర్ ఏమీ చేయదు. ప్లాస్టిక్ అంతా ఒకే తీరుగా బూడిద రంగుకు తిరిగితే అది ఎండ దెబ్బ, ఎంత కడిగినా పోదు. వ్యాక్స్ అట్లా ఉండదు. పెయింట్ అంచును ఆనుకుని, గుడ్డ తిరిగిన దారిలోనే వంకరటింకరగా అంటుకుని ఉంటుంది. ఫోటోల్లో కనిపించేది అదే.

పెయింట్ మీద క్లియర్ కోట్ అనే నున్నటి పారదర్శక పొర ఉంటుంది కాబట్టి వ్యాక్స్ పైపైనే నిలుస్తుంది, తుడిస్తే వస్తుంది. నల్ల ప్లాస్టిక్ గరుకుగా ఉంటుంది. ఆ గుంతల్లోకి వ్యాక్స్ దిగి, తడి ఆరిపోయి, తెల్లగా బిగుసుకుంటుంది. పాలిష్ కలిసిన రకమైతే అందులోని మెత్తటి పొడి కూడా మిగిలి ఇంకా తెల్లగా కనిపిస్తుంది. అందుకే ఎండు గుడ్డతో ఎంత రుద్దినా లాభం లేదు. మెత్తబరచి పైకి లాగాలి.

పొద్దున్నే, నీడలో, ప్లాస్టిక్ చేతికి చల్లగా తగిలేటప్పుడు మొదలుపెట్టు. ముందు బండిని మామూలుగా కడుగు. నువ్వు రోజూ కరీంనగర్ రోడ్డు మీద గ్రానైట్ లారీల వెనక తిరిగేవాడివి, ఆ రాతి పొడి సందుల్లో ఉండగానే బ్రష్ పెడితే గీతలు పడతాయి. కడిగాక గోరువెచ్చని నీళ్లలో కారు షాంపూ కలిపి, మెత్తటి పాత టూత్‌బ్రష్‌తో కొద్దికొద్ది చోటే రుద్దు. నురగ ఆరకముందే మైక్రోఫైబర్ గుడ్డతో తుడువు. చాలా మటుకు దీనికే పోతుంది.

మొండిగా మిగిలినదానికి మెడికల్ షాపులో ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అడుగు. సగానికి సగం నీళ్లు కలిపి, బండి మీద చల్లకుండా గుడ్డకు అద్దుకుని తుడువు. ముందు కంటికి కనిపించని మూల చూసి, రంగు మారకపోతేనే ముందుకు పో. గుడ్డ మడతలు మార్చుతూ ఉండాలి, లేకపోతే ఇక్కడ తీసిన వ్యాక్స్‌ను అక్కడ పూసినట్టే. జెల్ శానిటైజర్ వాడకు, జిగురు మిగులుతుంది. అప్పటికీ రాకపోతే హెయిర్ డ్రయ్యర్‌తో, చెయ్యి ఓర్చుకునేంత వేడి మాత్రమే తగిలించి వెంటనే తుడువు. కారు వ్యాక్స్‌లో కలిపే కార్నౌబా మైనం కరగాలంటే 82 నుంచి 86 డిగ్రీలు కావాలి. అంత దూరం పోకు, మెత్తబడితే చాలు. చిన్న చిన్న మచ్చలకైతే పిల్లలు వాడే మెత్తటి తెల్ల రబ్బరు బాగా పనిచేస్తుంది.

పల్లీల వెన్న రాయమని కొందరు చెప్తారు. అబద్ధం కాదు, నూనె వ్యాక్స్‌ను వదులు చేస్తుంది. కానీ ఆ జిడ్డుకు దుమ్ము పడుతుంది, చీమలూ వస్తాయి. తినేదాన్ని తినడమే మేలు.

అక్షరాల దగ్గర వరస వేరు. అక్కడ తడిగా ఉండగానే రుద్దితే పొడి ముద్దయి ఇంకా లోపలికి పోతుంది. బండి కడిగి పూర్తిగా ఆరాక, మెత్తటి పెయింట్ బ్రష్‌తో ఎండుగానే దులుపు. మిగిలినదానికి అగ్గిపుల్ల మందు తీసేసి, చివర పలుచని గుడ్డ చుట్టి, ఆల్కహాల్ కొంచెం అద్ది అంచు వెంట నడిపించు. ఆ అక్షరాలు ఉండేది అంటు టేపు మీద, కాబట్టి నానబెట్టకు. ప్రెషర్ గన్ కూడా దగ్గర పెట్టకు.

పెట్రోలు, టిన్నర్, గోళ్ల రంగు తీసే మందు వద్దు, ప్లాస్టిక్ మెరుపూ పెయింటూ రెండూ పాడవుతాయి. డీజిల్, కిరోసిన్ కొట్టిస్తే నల్లగా మెరుస్తుందని ఎవరైనా చెప్తే వినకు. ఆ మెరుపు రెండు రోజులే. డోర్ల బీడింగ్ ఎక్కువగా ఈపీడీఎం అనే రకం రబ్బరు, పెట్రోలియం నూనె తగిలితే ఉబ్బుతుంది. ఆ తర్వాత వానకు నీళ్లు లోపలికి వస్తాయి. మ్యాజిక్ స్పాంజ్ అని అమ్మేది కూడా సన్న గరుకు కాగితమే అనుకో, ప్లాస్టిక్ గరుకును అరగదీస్తుంది.

అంతా పోయాక ప్లాస్టిక్ వెలవెలబోయినట్టు కనిపిస్తే నల్ల ప్లాస్టిక్‌కు రాసే ట్రిమ్ డ్రెస్సింగ్ పలుచగా రాయి. ఆల్కహాల్ తగిలిన పెయింట్ అంచున వ్యాక్స్ పోయి ఉంటుంది, అక్కడ మళ్లీ పెట్టుకోవాలి. ఈసారి నల్ల ప్లాస్టిక్ అంచు వెంట మాస్కింగ్ టేపు వేసి, పని కాగానే ఎండలో వదలకుండా తీసేయ్. వ్యాక్స్ తక్కువ తీసుకో. అందరూ డబ్బా త్వరగా అయిపోవాలన్నట్టు పూస్తారు.

మీ అమ్మ చెప్పింది, పండగయ్యాక కొండగట్టు అంజన్న దగ్గర బండి పూజ చేయిస్తారట. పోయేలోపు ఈ పని ముగించు. వ్యాక్స్ మిగిలిన సందులో నూనె సిందూరం చేరితే రెండూ కలిసి ముద్ద కడతాయి. పూజ చేసిన రోజే సాయంత్రం షాంపూ నీళ్లతో సిందూరం తుడిచెయ్. పసుపు కొంచెం మిగిలినా ఎండకు పలచబడుతుంది, దానికోసం గట్టిగా రుద్దకు.

నీ మామ