మూడు నెలల డీటీపీ కోర్సు చేస్తే మా అమ్మాయికి ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మా అమ్మాయి డిగ్రీ అయిపోయింది, బొమ్మలు బాగా వేస్తుంది. పేజ్‌మేకర్, కోరల్‌డ్రా, ఫోటోషాప్ మూడు నెలల్లో నేర్పి ఉద్యోగం కూడా చూపిస్తామంటున్నారు ఒకచోట. చేర్పించమంటారా? ఏఐ వచ్చాక ఈ లైన్ ఉంటుందా?

జవాబు: ముందు ఆ సిలబస్ సంగతి చూద్దామండి. పేజీలు కట్టే పేజ్‌మేకర్ 1985లో వచ్చింది, డీటీపీ (డెస్క్‌టాప్ పబ్లిషింగ్, అంటే ప్రింట్‌కి పేజీలు కంప్యూటర్‌లో కట్టడం) అనే మాట జనం నోట్లో నానిందే దాంతో, కానీ దాని ఆఖరి వెర్షన్ 7.0 వచ్చింది 2001లో, ఆ తర్వాత అడోబ్ వాళ్ళు దాన్ని వదిలేసి అదే పని చేసే ఇన్‌డిజైన్ మీద పడ్డారు. పాత ఫైళ్ళున్న ప్రెస్సుల్లో ఇంకా వాడేవాళ్ళు లేకపోలేదు, అయినా ఇప్పుడు కొత్తగా మొదలుపెట్టే పిల్ల దాంతో మొదలెట్టడం నాకు నచ్చదు. ఇన్‌డిజైన్, బొమ్మలూ లోగోలూ గీసే ఇలస్ట్రేటర్ నేర్పుతారా అని అడగండి.

ఇంకోటి, బొమ్మలు బాగా వేస్తుంది కాబట్టి డీటీపీ సూటవుతుంది అనుకోకండి, రెండూ వేరు. డీటీపీలో వాళ్ళిచ్చిన మ్యాటర్, ఫోటోలు తప్పుల్లేకుండా పేజీలో కూర్చి ప్రింట్‌కి రెడీ చెయ్యాలి, అక్కడ చెయ్యి కంటే కన్ను ముఖ్యం, ఓపిక ముఖ్యం, స్పెల్లింగ్ మరీ ముఖ్యం. బొమ్మల చెయ్యి పనికొచ్చేది గ్రాఫిక్ డిజైన్‌లో, అక్కడ కూడా సగం పని అక్షరాలతోనే.

ఇన్‌స్టిట్యూట్ వాళ్ళని నేనైతే ఒక్కటే అడుగుతాను, కోర్సులో ఒక్క పనైనా నిజంగా ప్రెస్‌లో ప్రింట్ చేయిస్తారా అని. స్క్రీన్ మీద రంగులు ఆర్‌జీబీ (ఎరుపు, ఆకుపచ్చ, నీలం వెలుగులు), ప్రెస్‌లో సీఎంవైకే (సయాన్, మెజెంటా, పసుపు, నలుపు అనే నాలుగు ఇంకులు), అందుకే మానిటర్ మీద మెరిసిపోయే ఆకుపచ్చ కాగితం మీదికొచ్చేసరికి డల్ అయిపోతుంది. అంచు చుట్టూ 3 ఎంఎం బ్లీడ్ (కట్ చేసే గీత దాటి బయటికి పొడిగించిన రంగు, బొమ్మ) వదలకపోతే కటింగ్ కాస్త పక్కకి జరిగినా తెల్ల గీత కనపడుతుంది. 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) ఏ4 నిండా ఫోటో రావాలంటే సుమారు 2480 బై 3508 పిక్సెల్స్ కావాలి, ఫోన్లో ఫార్వర్డ్ అయి అయి వచ్చిన ఫోటో ఎక్కడ సరిపోతుంది? నేను కొత్తలో చిన్న అక్షరాల మ్యాటరంతా నాలుగు ఇంకులు కలిసిన నలుపులో పంపించేశాను, ఒక్కో ఇంకుకి ఉండే ప్లేట్లు వెంట్రుకవాసి తేడాగా పడి ప్రతి అక్షరం చుట్టూ రంగు నీడలు, మొత్తం మళ్ళీ వెయ్యాల్సి వచ్చింది. ఉత్త బ్లాక్ 100 (నల్ల ఇంకు ఒక్కటే, నూరు శాతం) పెట్టాలని ఆ రోజు తెలిసింది, టూల్స్ మాత్రమే చూపించే క్లాసులో ఇది చెప్పరు.

ఏఐ గురించి దాచకుండా చెప్తా. టెంప్లేట్ పోస్టర్లు, చవక లోగోలు కాన్వా (రెడీమేడ్ డిజైన్లిచ్చే ఆన్‌లైన్ టూల్) వచ్చినప్పటి నుంచే తగ్గుతున్నాయి, బ్యాక్‌గ్రౌండ్ తీసెయ్యడం లాంటి పన్లు ఇప్పుడు సెకన్లలో అయిపోతున్నాయి. అంటే చెప్పింది టైప్ చేసి ఇచ్చే ఆపరేటర్‌కి కష్టకాలమే. కానీ మూడొందల పేజీల పుస్తకం స్టైల్స్‌తో (హెడ్డింగ్‌కి, మ్యాటర్‌కి ముందే పెట్టుకున్న ఫార్మాట్లతో) కట్టడం, మడతలు లెక్కేసి డబ్బా ప్యాకేజింగ్ గియ్యడం, చివరి నిమిషంలో కస్టమర్ చెప్పిన మార్పు పేజీ చెడకుండా సర్దడం, వీటికి మనిషి కావాలి. ఇంగ్లీష్‌తో పాటు ఇంకో భాషలో యూనికోడ్ (ఏ కంప్యూటర్‌లోనైనా చదవగలిగే అక్షరాలు) టైపింగ్, ప్రూఫ్ చూడ్డం వస్తే ఇంకా మంచిది. ప్రింట్ బోర్ కొడితే తర్వాత ఫిగ్మా నేర్చుకుని యాప్ స్క్రీన్ల డిజైన్ వైపు వెళ్ళొచ్చు, ఈ పునాది అక్కడా పనికొస్తుంది.

ఉద్యోగం చూపిస్తామన్న మాట మీద వెళ్ళకండి, పాత స్టూడెంట్లు ఇద్దరితో మాట్లాడి వాళ్ళ పనులు చూడండి. ఎక్కడికెళ్ళినా సర్టిఫికెట్ కంటే ముందు పోర్ట్‌ఫోలియో (తను చేసిన పనుల సెట్) అడుగుతారు, మంచివి ఎనిమిది పది చాలు.

చేర్పించే ముందు ఒక నెల ఇంట్లోనే చూడండి. పేజీలకి స్క్రైబస్, బొమ్మలు గియ్యడానికి ఇంక్‌స్కేప్, ఫోటోలకి గింప్, మూడూ ఫ్రీ సాఫ్ట్‌వేర్లే. ఏదైనా పత్రికలో ఒక పేజీ తీసుకుని కాలమ్‌లు, హెడ్డింగ్ సైజు, లైన్ల మధ్య ఖాళీతో సహా అచ్చు అలాగే కట్టమనండి, అయ్యాక ఇంకోటి. నాలుగో పేజీ దగ్గర కూడా విసుక్కోకుండా కూర్చుంటే అప్పుడు చేర్పించండి, ఫీజు మాత్రం మొత్తం ఒకేసారి కట్టొద్దు.