మూతబడ్డ ఫ్యాక్టరీల నేలను బాగుచేసే చదువు: ఏ సీటు తీసుకోవాలి?

ప్రశ్న: మాది జీడిమెట్ల. మా అమ్మాయి ఎప్‌సెట్ ర్యాంకుకు సివిల్ సీటు వచ్చేలా ఉంది. రసాయనాలతో పాడైన ఫ్యాక్టరీ స్థలాలను శుభ్రం చేసే పని నేర్చుకుంటానని పట్టుబడుతోంది. చుట్టాలేమో 'చెత్త ఇంజినీరు అవుతుందా' అంటున్నారు. దీనికి భవిష్యత్తు ఉందా?

జవాబు: జీడిమెట్లలో ఉంటున్న మీకు ఈ పని అవసరం విడమరిచి చెప్పక్కర్లేదు. అక్కడి పాత షెడ్లలో ఏళ్ల తరబడి కారిన సాల్వెంట్లు, నూనెలు ఎక్కడికి పోతాయి? నేలలోకే. హైదరాబాద్ నగరంలోని పారిశ్రామిక భూములను ఇళ్లకు, ఆఫీసులకు మార్చుకునేలా తెలంగాణ ప్రభుత్వం 2025 చివర్లో హిల్ట్ విధానం తెచ్చింది. షెడ్డు కూలగొట్టి అపార్ట్‌మెంట్ లేపేముందు కింద ఏముందో చూసి చెప్పేవాళ్లు కావాలి కదా!

కేంద్రం కూడా 2025 జూలైలో కలుషిత స్థలాల నిర్వహణకు ప్రత్యేక నిబంధనలు ప్రకటించింది. పాడుచేసినవారే శుద్ధి ఖర్చు భరించాలన్నది వాటి మూలసూత్రం. అమెరికాలో ఇలాంటి సూపర్‌ఫండ్ చట్టం 1980లోనే వచ్చింది. మనం ఆలస్యంగా మొదలుపెట్టాం. గ్యాస్ దుర్ఘటన జరిగిన భోపాల్ ఫ్యాక్టరీ ఆవరణలోని 337 టన్నుల విష వ్యర్థాలు అక్కడి నుంచి కదలడానికే 1984 నుంచి 2025 జనవరి దాకా పట్టింది. అది తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. మీ అమ్మాయి లాంటివాళ్లు ఈ రంగంలోకి రావాలని మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను.

ఇక పని ఎలా ఉంటుందో తనకు ముందే తెలియాలి. ఎండలో బోరు వేయిస్తూ పక్కనే నిలబడాలి. మీటరు లోతులో మామూలు ఎర్రమట్టి వస్తుంది, మూడో మీటరుకు నల్లబడి కిరోసిన్ వాసన కొడుతుంది. ఆ మట్టిని వెంటనే గాజు సీసాలోకి తీసి, గాలికి చోటు లేకుండా నింపి, మూత బిగించి, ఎంత లోతులో తీశారో రాసి ఐస్ పెట్టెలో పెట్టాలి. కాస్త ఆలస్యమైతే ఆవిరయ్యే రసాయనాలు ఎగిరిపోతాయి, ల్యాబ్ రిపోర్టు తప్పుగా వస్తుంది. దాన్ని నమ్మి అక్కడ పిల్లలు ఆడుకునే పార్కు కడతారు. అంత బాధ్యత ఉన్న పని ఇది.

సివిల్ సీటు నిస్సంకోచంగా తీసుకోండి. మట్టి, భూగర్భ జలాల పాఠాలు అందులోనే ఉంటాయి. కెమిస్ట్రీని మాత్రం ఇంటర్‌తో వదిలేయకూడదు, ఈ పనిలో సివిల్ పిల్లలు తడబడేది అక్కడే. తర్వాత గేట్ రాసి ఎన్విరాన్‌మెంటల్ ఇంజినీరింగ్‌లో ఎంటెక్ చేయవచ్చు. 2021 నుంచి గేట్‌లో దీనికి ప్రత్యేక పేపర్ ఉంది. హైదరాబాద్‌లోనే ఎన్‌జీఆర్‌ఐ (జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ), నీరి (జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ) జోనల్ కేంద్రం ఉన్నాయి, ఇంటర్న్‌షిప్‌కు అక్కడ ప్రయత్నించమనండి.

మొదటి రెండు మూడేళ్లు జీతం సాఫ్ట్‌వేర్ వాళ్ల కంటే తక్కువే ఉండొచ్చు. కన్సల్టెన్సీలో చేరితే ఊళ్లు తిరగాలి. మాస్కులు, గ్లవ్స్ ఇవ్వకుండా సైటుకు పంపే చోట ఒక్కరోజు కూడా చేయొద్దని ఇప్పుడే చెప్పి ఉంచండి.

వెబ్ ఆప్షన్లు పెట్టేలోపు ఇద్దరూ కలిసి రెండు మూడు కాలేజీలకు వెళ్లి ఎన్విరాన్‌మెంటల్ ల్యాబ్ తలుపు తీయించి చూడండి. పరికరాల మీద దుమ్ము పేరుకుని ఉంటే, ఆ కాలేజీని లిస్టులో కిందికి జరపండి.