స్త్రీవాదం, లింగ సమానత్వం: రెండూ ఒకటేనా?

"లక్ష్యం లింగ సమానత్వమే అయితే స్త్రీవాదమనే వేరే పేరెందుకు?" అన్న ప్రశ్న దగ్గర, ఈ రెంటి తేడాపై మీరు రాస్తున్న వ్యాసం ఆగిపోవడానికి కారణం, గమ్యాన్నీ మార్గాన్నీ ఒకే గాటన కట్టడమే.

1. సమానత్వం ఒక స్థితి. అది ఎందుకు లేదో విశ్లేషించి, దానికోసం పోరాడే ఆలోచనాధార స్త్రీవాదం. స్త్రీల ఓటుహక్కు న్యూజిలాండ్‌లో 1893లో, స్విట్జర్లాండ్‌లో సమాఖ్య స్థాయిలో 1971లో వచ్చింది. రెండుచోట్లా ఉద్యమం తర్వాతే.

2. చాలామంది వదిలేసే మెట్టు ఇది: చట్టంలోని సమానత్వం వేరు, ఆచరణలోని సమానత్వం వేరు. ఇంటిపని, పిల్లల పెంపకం ఒకరిమీదే పడుతున్నప్పుడు, రాత్రివేళ సమావేశాలకు హాజరైనవారికే పదోన్నతి అన్న నియమం అందరికీ ఒకటే అయినా, దాని ఫలితం ఒకటి కాదు. అందుకే స్త్రీలపై వివక్ష నిర్మూలనకు ఐక్యరాజ్యసమితి 1979లో ఆమోదించిన ఒడంబడిక, వాస్తవ సమానత్వాన్ని వేగవంతం చేసే తాత్కాలిక ప్రత్యేక చర్యలను (రిజర్వేషన్ల వంటివి) వివక్షగా పరిగణించరాదని, లక్ష్యం నెరవేరాక వాటిని నిలిపివేయాలని నాలుగవ అధికరణంలో చెప్పింది. ఈ చివరి షరతును తప్పక రాయండి. స్త్రీవాదం ఆధిక్యాన్ని కోరుతుందన్న వాదనకు (నా దృష్టిలో అది అపోహే) జవాబు అక్కడే దొరుకుతుంది.

3. ఉదారవాద (చట్టాలను సంస్కరించాలనే), సామ్యవాద (ఆర్థిక వ్యవస్థనే మార్చాలనే) స్త్రీవాదాలు మార్గం విషయంలో విభేదిస్తాయని ఒక్క వాక్యంలో చెబితే చాలు.